మణికట్టు మీద దెబ్బ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కర్రసాము ఉందంటే జనం పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తేవాళ్ళు. సత్తెనపల్లికి కాస్త ఎడంగా, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఊరు మాది. పీర్ల పండుగ వచ్చిందంటే సాయిబులు, మేము అన్న తేడా లేకుండా కుర్రాళ్ళంతా వెదురు కర్రలకి నూనె రాసుకుని డప్పుల ముందు చేరిపోయేవాళ్ళు. కర్ర కర్రకి తగిలినప్పుడు ఠప్పుమని ఒక చప్పుడు వస్తుంది చూడండి, ఆట మొత్తం ఆ చప్పుడు కోసమే. అది ఎంత గట్టిగా మోగితే అన్ని ఈలలు. ఆ ఈలలే ఒకరోజు మా కల్లంలోకి కత్తిని నడిపించుకొచ్చాయంటే మీరు నమ్మరు గానీ, నేను కళ్ళారా చూసినదాన్ని.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, తాడేపల్లిలో ఉంటున్న మా మనవరాలు ఈమధ్య రెండు పేము కర్రలు చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. ఫిలిప్పీన్స్ దేశపు విద్యట, ఆర్నిస్ అంటారట, కర్రతో మొదలుపెట్టి కత్తి దాకా నేర్పుతారట. ఆడపిల్ల ధైర్యంగా ఉండాలని వాళ్ళమ్మ చేర్పించింది. హాల్లో సోఫా దిండ్లు పేర్చి టపటపా బాది చూపించి, 'నీకిలాంటివి తెలియవులే అమ్మమ్మా' అంది. ఓసి పిచ్చిమొహమా అనుకున్నాను. ఆ విద్య నేను పరికిణీ కట్టుకునే రోజుల్లోనే మా పక్కింటి దొడ్లో, దూది మీద చూశాను.

పక్కింట్లో ఉండేది మా ఓడ మావయ్య. వాళ్ళు దూదేకుల వాళ్ళు. దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టడం తరతరాలుగా వాళ్ళ పని. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది మోకాలెత్తు గోడ. మా నాన్న ఆయన్ని బావా అనేవాడు, మేం మావయ్యా అనేవాళ్ళం, అంతకంటే చుట్టరికం ఏం కావాలి? ఆయన కుర్రతనంలో పరుపులు కుట్టడానికని బొంబాయి వెళ్ళి, అక్కడెవరో చెప్తే సరుకుల ఓడలో పనికి కుదిరి, చాలా ఏళ్ళు సముద్రాల మీద తిరిగాడు. తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకున్నవి ఒక రేకు పెట్టె, మోకాలి దగ్గర వంగని ఒక కాలు, రెండు పేము కర్రలు. కర్రలు మూరెడున్నర పొడుగుండేవి. చేతి చెమట తాగి తాగి నల్లగా, నున్నగా అయిపోయాయి.

పాత పరుపు విప్పితే లోపల దూది గడ్డ కట్టి ఉంటుంది. ఏకడానికి ముందు దాన్ని కర్రతో కొట్టి విడగొట్టాలి. ఊళ్ళో మిగతావాళ్ళు ఒక కర్ర పట్టుకుని ధబీధబీమని బాదేవాళ్ళు. మావయ్య మాత్రం రెండు చేతులా రెండు కర్రలు పట్టేవాడు. కుడిచేతి కర్ర పైనుంచి దిగుతుంటే ఎడమచేతిది చంక కిందనుంచి లేచేది. ఒకదాని దారికి ఒకటి అడ్డం వచ్చేది కాదు. చిలకలూరిపేట మిల్లుల నుంచి తెచ్చిన తుక్కు దూది కూడా ఆయన చేతిలో మల్లెపూవై తేలేది. నేనూ వాళ్ళమ్మాయీ ఒక ఈడు వాళ్ళం. ఇద్దరం ఆ దుమ్ములోనే కూర్చుని, జుట్టంతా తెల్లగా చేసుకుని, మాకూ నేర్పమని ప్రాణం తీసేవాళ్ళం. చివరికి పడలేక పత్తి కట్టె ముక్కలిచ్చి నేర్పాడు. మా అమ్మ కంటికి అది ఇంటి పనిలా కనపడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆడపిల్లకి కర్రలేంటని వీపు చీరేసేది.

ఆ చేతివాటం ఆయనకి ఓడలో వంటవాడు నేర్పాడట. ఆ వంటవాడిది ఫిలిప్పీన్స్. అక్కడంతా దీవులేనట. మన దగ్గర ఇంటికో కొడవలి ఉన్నట్టు, అక్కడ చెరకు కొట్టే కత్తో కొబ్బరికాయ కొట్టే కత్తో ప్రతి మనిషి నడుముకీ వేలాడుతుందట. సముద్రం దాటి వచ్చిన దొరలు ఆ దీవుల్ని ఏలినన్నాళ్ళూ ఆ కత్తులంటే జడిసి, పట్టుకుని తిరగొద్దన్నారట. వాళ్ళు ఊరుకుంటారా, కత్తి బదులు పేము కర్ర పట్టారు. నాటకంలో యుద్ధం కట్టినప్పుడు, తిరునాళ్ళలో చిందు వేసినప్పుడు, ఆ దెబ్బలన్నీ దొరల కళ్ళ ముందే వేసి చూపించి పిల్లలకి నేర్పుకున్నారట. 'మన కర్రసాము పీర్ల పండుగలో బతికినట్టే' అనేవాడు మావయ్య. ఇందులో నిజమెంతో, వంటవాడు కలిపిన మసాలా ఎంతో నాకు తెలియదు. మనవరాలి మాస్టారు కూడా ఇంచుమించు ఇదే చెప్పి, దీనికి కాగితాల్లో రుజువులు తక్కువేనన్నారట.

కానీ ఆ విద్య ఉత్త చిందు కాదు. అక్కడ పోటీలు జరిగేవట. చచ్చినా ఎవరూ అడగకూడదని ముందే పెద్దల ముందు ఒప్పుకుని, సముద్రపు ఒడ్డున ఇసుకలో ఇద్దరు నిలబడి, ఒకడు పడేదాకా కొట్టుకునేవాళ్ళట. వంటవాడి తండ్రికి ఒక పోటీలో దవడ పగిలిపోయి, బతికినన్నాళ్ళూ గంజి మీదే బతికాడట. మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. మరి ఆ వంటవాడు వాళ్ళ ఊరు ఎందుకు వెళ్ళిపోలేదని నేను ఎప్పుడు అడిగినా, మావయ్య 'ముందు దూది చూడవే' అని మాట దాటేసేవాడు.

ఆయన మాకు నేర్పినదాంట్లో అన్నిటికంటే పెద్దది ఒకటే. నా చెయ్యి పట్టుకుని, మణికట్టు ఎముక మీద బొటనవేలు నొక్కి చెప్పేవాడు. కత్తితో వచ్చినవాడి మొహం చూడకూడదు, అరుపులు వినకూడదు, కత్తి మెరుపు కూడా చూడకూడదు. కత్తిని నడిపించేది చెయ్యి, దాన్ని చూడాలి. కోర పీకేశాక పాము ఎంత బుస కొడితే ఏంటి? దెబ్బ ఇదిగో ఇక్కడ పడాలి. అదీ పారిపోవడానికి దారి లేనప్పుడే. దారి ఉంటే మాత్రం చెప్పులు వదిలేసి పరిగెత్తాలి, అందులో సిగ్గు లేదు, ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు అనేవాడు. మేం పకపకా నవ్వేవాళ్ళం.

ఇక మా బాబాయి. నాన్నకి ఒక్కడే తమ్ముడు. మనిషి బంగారం, నోరు మాత్రం నిప్పు. తూర్పు బజారుకి ఆయనే వస్తాదు. కర్ర తిప్పుతుంటే గాలి కోసుకుపోయినట్టుండేది. ఆ ఏడు పీర్ల పండుగ మిరపకాయల కాలంలో వచ్చింది. పండుగలో పడమర బజారు వస్తాదుతో బాబాయికి పోటీ పెట్టారు. అతను బాబాయి కంటే పెద్దవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. డప్పులు మోగుతుంటే బాబాయి చెలరేగిపోయి, అతని కర్ర మీద కొట్టి కొట్టి, చివరికి అది చేతిలోంచి ఎగిరి జనంలో పడేలా కొట్టాడు. ఈలలే ఈలలు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. మా బాబాయి ఊరుకోలేదు. అందరి ముందూ, 'ఒరేయ్, ఈసారి చీపురుపుల్ల తెచ్చుకో, నీ చేతికి అదే సరిపోద్ది' అన్నాడు. అతని బావమరిది కూడా పగలబడి నవ్వాడు. ఆ మనిషి కర్ర వెతుక్కుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు గోడ దగ్గర మావయ్య బాబాయిని పట్టుకున్నాడు. ఆయనకి రెండు సంగతులు నచ్చలేదు. మొదటిది ఆ మాట. రెండోది ఆ ఆట. 'ఎప్పుడు చూసినా కర్రని కొడతావేంట్రా? కర్ర నీకేం ద్రోహం చేసింది? ఇది అలవాటైతే, నిజంగా కత్తి ఎదురైన రోజున కూడా కత్తినే కొడతావు' అన్నాడు. బాబాయి పడీపడీ నవ్వి, కుంటికాలితో దూది కొట్టుకునేవాడు తనకి సాము నేర్పేదేంటని మా అమ్మతో అన్నాడు. గెలిచినవాడికి చెప్పే మాటలు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

పండుగ అయిన వారానికి అనుకుంటా, మా దొడ్డి వెనక కల్లంలో మిరపకాయలు ఆరబోశాం. మిట్టమధ్యాహ్నం. కల్లం ఎర్రగా మండిపోతోంది. అమ్మా, నేనూ, కూలికొచ్చిన ఆడవాళ్ళూ ముక్కులకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నాం. నాన్న, బాబాయి కాయల్ని తిరగేస్తున్నారు. గోడ అవతల నుంచి మావయ్య దూది కొడుతున్న చప్పుడు వినపడుతోంది.

పత్తి చేలో నుంచి అడ్డం పడి వచ్చాడు పడమర బజారు వస్తాదు. ఒక్కడే వచ్చాడు. సారా వాసన ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు. చేతిలో కంప నరికే కత్తి, మోచేతి పొడుగున ఉంది. పొద్దున్న కాఫీ హోటల్లో ఎవరో అతని ముందు చీపురుపుల్ల పెట్టారట, అది మాకు తర్వాత తెలిసింది. నాన్న చేతులడ్డం పెట్టి, ఆగరా, కూర్చుని మాట్లాడుకుందాం అంటూ ఎదురెళ్ళాడు. అతను నాన్నని ఒక్క తోపు తోసి, మా బాబాయితో, 'రారా, చీపురుపుల్ల ఎవడికి సరిపోద్దో ఇప్పుడు చూద్దాం' అన్నాడు.

బాబాయి వెనకాల మా ఇంటికి దారి బార్లా తెరిచి ఉంది. ఇంట్లోకి పోయి తలుపేసుకుంటే సరిపోయేది. కానీ అంతమంది ఆడవాళ్ళు చూస్తున్నారు, వస్తాదు పరిగెత్తుతాడా? బండికి ఆనించిన తన వెదురు కర్ర అందుకున్నాడు. కత్తి లేచింది. బాబాయి పండుగలో కొట్టినట్టే కొట్టాడు. ఏళ్ళ తరబడి ఈలలు నేర్పిన దెబ్బ కదా, చెయ్యి వద్దన్నా అటే పోయింది. కర్ర తిన్నగా వెళ్ళి కత్తికి తగిలింది. అచ్చం పండుగ నాటి చప్పుడే వచ్చింది.

ఈల మాత్రం ఎవరూ వెయ్యలేదు. కత్తి వెదురులోకి దిగి, కర్ర వెంట జారుకుంటూ వచ్చి బాబాయి వేళ్ళ మీదుగా పోయింది. కర్ర కింద పడింది. దాంతో పాటు ఆయన వేళ్ళు మిరపకాయల్లో పడ్డాయి. ఏవి కాయలో ఏవి వేళ్ళో తెలియలేదు నాకు. మిరపకాయల మీద నెత్తురు కనపడదు, ఆ సంగతి ఆ రోజే తెలిసింది. బాబాయి చెయ్యి పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండో వేటు భుజం మీద పడింది. చొక్కా చీలి లోపల తెల్లగా ఏదో కనపడి, వెంటనే ఎర్రగా నిండిపోయింది. కాయల మీద బోర్లా పడేసరికి కోసుకుపోయిన చేతికి కారం తగిలి బాబాయి పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అమ్మ నన్ను లాగి చీర చెంగులో నా ముఖం దాచబోయింది. నేను విదిలించుకున్నాను. గోడ అవతల దూది కొట్టే చప్పుడు ఆగిపోయింది.

మూడో వేటు మెడకి ఎత్తాడు. అప్పటికి మావయ్య గోడ దాటేశాడు. వంగని కాలుతో అంత త్వరగా ఎలా వచ్చాడో నాకు అర్థం కాదు. అరవలేదు, ఆగమని చెప్పలేదు. పక్కనుంచి వచ్చి, పైకి లేచిన ఆ చేతి మణికట్టు మీద కుడి కర్రతో ఒక్కటిచ్చాడు. ఆ చప్పుడు చాలా చిన్నది, పచ్చి కొమ్మ విరిచినట్టుంది. ఎడమ కర్ర మోచేతి మీద పడింది. కత్తి కాయల్లో పడిపోయింది. పడమర బజారు వస్తాదు చెయ్యి వేలాడేసుకుని అక్కడే చతికిలపడి, చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు. మావయ్య మళ్ళీ కొట్టలేదు. కర్రలు చంకన పెట్టుకుని, తలగుడ్డ విప్పుతూ బాబాయి వైపు వంగాడు.

అంతా అయిపోయిందనుకున్నాం. అసలు భయం అప్పుడు మొదలైంది. మా నాన్న చీమకి కూడా అపకారం తలపెట్టని మనిషి. ఎద్దుని కూడా కొట్టకుండా బతిమాలి తోలేవాడు, ఊళ్ళో దానికి నవ్వేవాళ్ళు. ఆ నాన్న కత్తి తీసుకున్నాడు. కళ్ళల్లో కారం పడి నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తున్న ఆ మనిషి ముందుకెళ్ళి కత్తి రెండు చేతులా ఎత్తాడు. చుట్టూ ఒక్కళ్ళు కూడా వద్దనలేదు. ఆడవాళ్ళలో ఎవరో నరుకు అన్నారు. కింద పడింది ఒక్కగానొక్క తమ్ముడు, వద్దని ఎవరనగలరు? ఆ కత్తి దిగితే నాన్న ఆ సాయంత్రానికి సంకెళ్ళలో ఉంటాడని, అమ్మా, మేం ముగ్గురు ఆడపిల్లలం దిక్కులేనివాళ్ళమై పోతామని ఆ క్షణాన ఎవరికి తడుతుంది?

ఒక్కడికి తట్టింది.

'బావా, దించు' అన్నాడు మావయ్య. నాన్న వినిపించుకోలేదు. కత్తి ఇంకొంచెం పైకి లేచింది. మావయ్య మళ్ళీ చెప్పలేదు. అదే కర్ర, అదే దెబ్బ, మా నాన్న మణికట్టు మీద పడింది. ఆ పచ్చికొమ్మ చప్పుడు రెండోసారి విన్నాను. కత్తి జారిపోయింది. నాన్న ఆ చేతిని పొట్టకి అదుముకుని, నమ్మలేనట్టు మావయ్య మొహంలోకి చూశాడు.

'కత్తి పట్టిన చెయ్యి ఎవరిదైనా నాకొకటే బావా' అన్నాడు మావయ్య. కత్తిని కాలితో పక్కనున్న బోదె కాలవలోకి తన్నేసి, నా వైపు తిరిగి, 'అమ్మడూ, నీళ్ళు తే, ముందు కారం కడగాలి' అన్నాడు.

సత్తెనపల్లి ఆసుపత్రికి మా బండే కట్టారు. మావయ్య అందులో పడమర బజారు వస్తాదుని కూడా ఎక్కించమన్నాడు. మా వాళ్ళు వద్దని గోల చేశారు. ఎక్కిస్తేనే బండి కదులుతుందని ఎద్దుల ముందు నిలబడ్డాడు. అలా ముగ్గురూ ఒకే గడ్డి మీద, ఒకళ్ళ మూలుగులు ఒకళ్ళు వింటూ వెళ్ళారు. ఆసుపత్రిలో ఎవరు ఎవర్ని కొట్టారని అడిగితే చెప్పలేక అందరూ మావయ్య వైపు చూశారట. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు.

బాబాయి బతికాడు. కుడిచేతికి బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. కేసు నడిచింది, పెద్దమనుషులు కూర్చున్నారు, ఆఖరికి రాజీ అయింది. ఊరు మాత్రం రెండుగా చీలింది. పాము చావకుండా, కర్ర విరగకుండా భలే చేశాడని కొందరన్నారు. ఎక్కువమంది మాత్రం, పగవాణ్ణి కాపాడి సొంత బావ చెయ్యి విరిచాడన్నారు. మా అమ్మ ఆ వైపు చూడడం మానేసింది. నాన్న చేతికి కట్టు ఉండగానే తాపీమేస్త్రిని పిలిచి, మోకాలెత్తు గోడని మనిషెత్తు చేయించాడు. అవతల కర్రల చప్పుడు వినపడేది, మనుషులు కనపడేవాళ్ళు కాదు. నేనూ వాళ్ళమ్మాయీ బడిలో మాట్లాడుకునేవాళ్ళం, ఇంటికి రాగానే ఎవరో ఏమో అయిపోయేవాళ్ళం. నా జీవితంలో అంత దిగులు ఇంకెప్పుడూ పడలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున మావయ్య పరుపు నెత్తిన పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. భుజం గాయానికి బాబాయి మంచం మీద పడుకోలేకపోతున్నాడని ఎవరి ద్వారానో విన్నాడట. ఎవరూ రమ్మనలేదు. ఆయనే లోపలికొచ్చి, పరుపు పరిచి, బాబాయిని పడుకోబెట్టి, తను నేల మీద కూర్చున్నాడు. నాన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు మావయ్య, నేను అన్నిసార్లు అడిగినా చెప్పని వంటవాడి కథ.

వాళ్ళ ఊళ్ళో పందెం కోళ్ళ దగ్గర ఒకడు ఆ వంటవాడి మీదకి కత్తి దూశాడట. వంటవాడు నేర్చుకున్నట్టే చేతి మీద కొట్టాడు. కత్తి పడిపోయింది. వాడు విరిగిన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ జనం అరుస్తున్నారు. వంటవాడు కర్ర ఎత్తి, ఈసారి తల మీద కొట్టాడు. చచ్చినవాడు ఆయన చిన్ననాటి నేస్తమేనట. ఆ పూటే ఊరు వదిలి ఓడెక్కి, పెళ్ళాం పిల్లల మొహం మళ్ళీ చూడకుండా, వేరే దేశాలవాళ్ళకి అన్నం వండి పెడుతూ ముసలివాడైపోయాడట. తాగినప్పుడల్లా ఒకటే మాట అనేవాడట. మావయ్య ఆ మాట నాన్నకి చెప్పాడు: 'మొదటి దెబ్బ నాకు మా నాన్న నేర్పాడు. రెండో దెబ్బ ఆపేవాడే పక్కన లేకపోయాడు.'

మంచం మీద నుంచి బాబాయి, 'అన్నయ్యా, నా వేళ్ళు ఎలాగూ పోయాయి. నువ్వు మాకు మిగిలావు, చాలదా?' అన్నాడు. నాన్న గోడ వైపు నుంచి ఇటు తిరిగి, లోపలికి కేకేసి అమ్మని కాఫీ పెట్టమన్నాడు. బావకి పంచదార ఎక్కువ వెయ్యమని కూడా అన్నాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఏడుస్తూనే కాఫీ కలిపింది. మర్నాడు అదే తాపీమేస్త్రి వచ్చి, తను కట్టిన వరసలన్నీ తనే తీసేసి, మీ ఇద్దరి కోపాల వల్ల బాగుపడింది నేనొక్కణ్ణేనని నవ్వుకుంటూ పోయాడు.

నాన్న మణికట్టు మళ్ళీ సరిగ్గా అతకలేదు. అక్కడ గోలీకాయంత బొడిపె ఉండిపోయింది. మబ్బు పడితే సలిపేది. అమ్మ తైలం రాస్తుంటే, 'మీ అన్నయ్య పలకరిస్తున్నాడే' అని ఏడిపించేవాడు. బాబాయి మళ్ళీ బరిలోకి దిగలేదు గానీ, కుర్రాళ్ళకి నేర్పడం మానలేదు. బాగా ఆడమనేవాడు, గెలిచాక నోరు మూసుకోమనేవాడు. పడమర బజారు వస్తాదు పిల్లల పెళ్ళిళ్ళు చూశాడు, ముసలివాడై మంచంలోనే పోయాడు. దారిలో ఎదురైతే నాన్నా అతనూ మాట్లాడుకునేవాళ్ళు కాదు, తల మాత్రం ఊపుకునేవాళ్ళు. ఇద్దరివీ వంకర చేతులేనని మా బాబాయి చాటుగా నవ్వేవాడు.

మావయ్య పోయిన రోజున నేను అత్తారింటి నుంచి వచ్చాను. జనాజా లేపేటప్పుడు నాన్న జనంలోంచి దారి చేసుకుని వెళ్ళి భుజం పట్టాడు. అప్పటికే పెద్దవాడైపోయాడు, ఆయాసపడుతున్నాడు. ఎవరో పక్కకి రమ్మంటే వినలేదు. కొయ్యని పట్టుకున్న ఆ చేతి మీద బొడిపె ఎండలో స్పష్టంగా కనపడింది. ఆ చెయ్యి నాకు గోరుముద్దలు పెట్టింది, నా పెళ్ళిలో కాళ్ళు కడిగింది, నా బిడ్డల్ని ఎత్తుకుంది. జైలు గోడల మధ్య కుళ్ళిపోవాల్సిన చెయ్యి అది. నేను వీధిలో నిలబడి భోరుమన్నాను, మావయ్య కోసమో నాన్న కోసమో నాకే తెలియదు.

ఇదంతా చెప్తే మా మనవరాలు దిండ్లు కొట్టడం ఆపేసి నా పక్కన కూర్చుంది. వాళ్ళ మాస్టారు కూడా ముందు చేతినే కొట్టమంటారట, వీలైతే పారిపొమ్మంటారట. నా మావయ్య చెప్పినవి అన్నేళ్ళకి మళ్ళీ నా ఇంటికే తిరిగొచ్చాయని నాకు ఎంత సంతోషం వేసిందో. అది నా మణికట్టు పట్టుకుని ఎముక ఎక్కడుందో వెతుక్కుంటూ అడిగింది.

'అమ్మమ్మా, మరి ఆ కత్తి పట్టుకున్నది మనవాళ్ళే అయితే?'

దాని బొటనవేలు తీసి సరిగ్గా ఆ ఎముక మీద పెట్టాను. 'అప్పుడు అస్సలు చెయ్యి వణకకూడదే, తల్లీ' అన్నాను.